మూడు బిట్లు విరిగాయని మిషన్ అమ్మేయకండి

ప్రశ్న: ఆఫీసు ఉద్యోగం నాది. సరదాకి చెక్కపని మొదలుపెట్టి నాలుగేళ్లయింది. చేతి రౌటర్, జిగ్‌సా బాగానే వాడతాను. రెండు నెలల కిందట 3018 సైజు (దాదాపు 300 × 180 మి.మీ. బల్ల) సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు తనే కదులుతూ చెక్కను కోసే మిషన్, కిట్‌గా తెప్పించుకుని నేనే బిగించుకున్నాను. ఇంటి తలుపు పక్కన పెట్టడానికి తెలుగులో ఒక నేమ్‌ప్లేట్ చెక్కాలని ఆశ. కానీ మొదటి వారంలోనే మూడు బిట్లు (తిరుగుతూ చెక్కను కోసే ముక్కలు) విరిగాయి. ఒకటి క్లాంపుకు తగిలింది. రెండోదైనా విరగకూడదని వేగం బాగా తగ్గించి నిమిషానికి 100 మి.మీ. పెట్టాను. అయినా చెక్క కాలిన వాసన వచ్చి, బిట్టు నల్లబడి విరిగింది. మూడోది పనంతా బాగానే చేసి, ఆఖరి నిమిషంలో ముక్క ఊడి ఎగిరిపడటంతో పోయింది. మధ్యలో 50 మి.మీ. బిళ్ల ఒకటి కోస్తే ఒక వైపు 50, ఇంకో వైపు 49.4 వచ్చింది. ఇప్పుడు దాన్ని చూస్తేనే టెన్షన్‌గా ఉంది, గుడ్డ కప్పి పెట్టేశాను. 'ఇది ఆటబొమ్మ, అమ్మేసి పెద్దది కొనుక్కో' అంటున్నాడు ఒక మిత్రుడు. శబ్దం గురించి పక్కింటివాళ్లతో ఒకసారి మాట కూడా పడ్డాను. నాకు ప్రోగ్రామింగ్ రాదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ మిత్రుడి సలహా కాసేపు పక్కన పెట్టండి. మీ మూడు బిట్లూ మూడు వేర్వేరు కారణాలకు విరిగాయి. అందులో ఒక్కటి కూడా మిషన్ చిన్నదైనందుకు జరిగింది కాదు. పెద్ద మిషన్ అయితే అదే క్లాంపును ఇంకా గట్టిగా గుద్దేది, అదే ముక్కను ఇంకా దూరం విసిరేది. కాబట్టి ముందు ఆ గుడ్డ తీయండి.

చేతి రౌటర్ అలవాటున్నవాళ్లకు ఇందులో ఒక చిక్కుంది. చేత్తో తోసేటప్పుడు చెక్కలో ముడి తగిలితే చేతికి తెలుస్తుంది. మోటారు గొంతు మారితే చెవికి తెలుస్తుంది. మనకు తెలియకుండానే తోపుడు తగ్గిస్తాం. ఈ మిషన్‌కు ఆ చెయ్యీ లేదు, ఆ చెవీ లేదు. దీన్ని నడిపేవి స్టెప్పర్ మోటార్లు. మామూలుగా ఇవి ఒక చుట్టును 200 అడుగులుగా తిరుగుతాయి. 'ఇన్ని అడుగులు వెయ్యి' అని కంట్రోలర్ చెబుతుంది, అక్కడితో దాని పని సరి. వేసిందా లేదా అని తిరిగి చూసుకోదు. బిట్టు ఎక్కడో ఇరుక్కుని మోటారు కొన్ని అడుగులు తప్పిందనుకోండి, తానున్న చోటు సరైనదేననుకుని మిగతా డిజైన్ అంతా పక్కకు జరిపి చెక్కేస్తుంది. ఫ్యాక్టరీ మిషన్లలో మోటారు నిజంగా ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్లు ఉంటాయి. మన ఇళ్లలో పెట్టుకునే చిన్నవాటిలో దాదాపు ఉండవు. అందుకే చేతి రౌటర్‌తో పని మధ్యలో చేసే జాగ్రత్తలన్నీ ఇక్కడ పని మొదలుకాక ముందే చేసి పెట్టాలి. మీ మూడు బిట్ల కథా ఇదే.

మొదటి బిట్టు సంగతి. కోస్తూ క్లాంపుకు తగిలిందో, ఒక చోటి నుంచి ఇంకో చోటికి గాలిలో వెళ్తూ తగిలిందో మీరు రాయలేదు. ఎక్కువసార్లు జరిగేది రెండోదే. టూల్‌పాత్ (బిట్టు నడిచే దారి) తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో సేఫ్ హైట్ అని ఒక అంకె ఉంటుంది. కోత లేనప్పుడు బిట్టు చెక్కకు ఎంత ఎత్తులో ప్రయాణించాలో అది చెబుతుంది. ఆ అంకె 5 మి.మీ. అయి, మీ క్లాంపూ దాని బోల్టూ కలిపి చెక్క మీద 15 మి.మీ. ఎత్తుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సేఫ్ హైట్‌ను క్లాంపు కన్నా ఎక్కువ పెట్టండి. ఇంకా మంచిది, క్లాంపులను బిట్టు దారిలోనే లేకుండా జరపండి. డిజైన్ హద్దుకు బిట్టు మందాన్ని కూడా కలిపి చెక్క మీద పెన్సిల్‌తో ఒక చతురస్రం గీసుకుని, ఆ గీత లోపల ఇనుము కనిపించకుండా చూసుకుంటే చాలు.

తర్వాత గాలి కోత. బిట్టు తీసేసి, స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు) ఆపేసి, జెడ్ సున్నాను, అంటే బిట్టు ఎత్తును కొలవడం మొదలుపెట్టే చోటును, చెక్కకు 20 మి.మీ. పైన పెట్టి, ఫైలు మొత్తం ఒకసారి నడిపించి చూడండి. పది నిమిషాలు వృథా అనిపిస్తుంది. నేను ఇప్పటికీ ప్రతి కొత్త ఫైలునూ ఇలాగే నడుపుతాను. కానీ గాలి కోతకు కూడా దొరకని తప్పు ఒకటుంది. ఒకసారి ఒకే పనికి రెండు బిట్లు అవసరమై, మొదటిది తీసి రెండోది బిగించి, జెడ్ సున్నా మళ్లీ పెట్టడం మర్చిపోయాను. రెండో బిట్టు మొదటిదానికన్నా కాస్త పొడుగ్గా బయటికి వచ్చి ఉంది. అది చెక్కలోంచి దిగి, చెక్క కింద వేసిన పలకలోకి దిగి, దాని కిందున్న అల్యూమినియం బెడ్‌ను తాకింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది, రోజూ కనిపిస్తుంది. బిట్టు మార్చారంటే జెడ్ సున్నా మళ్లీ పెట్టాల్సిందే, అదే బిట్టును తీసి మళ్లీ బిగించినా సరే. బిట్టుకీ చెక్కకీ మధ్య ఒక ప్రింటింగ్ కాగితం పెట్టి, కాగితం కాస్త పట్టినట్టయ్యే వరకు కొద్దికొద్దిగా దించండి. ఆ కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. మొదట్లో ఆ మాత్రం కచ్చితత్వం చాలు.

రెండో బిట్టు గురించి కాస్త ఎక్కువ రాస్తాను. అందరూ చేసే తప్పు ఇదే, పైగా చూడటానికి తప్పులా కనిపించదు. బిట్టు విరుగుతోందంటే నెమ్మదిగా పోనివ్వాలనే ఎవరికైనా తోస్తుంది. ఇక్కడ ఆ జాగ్రత్తే ఎదురు తిరుగుతుంది.

బిట్టు చెక్కను కోయాలి, రాయకూడదు. ఒక్కో పంటి అంచు చెక్కలోకి దిగి ఒక పేడును తెంపుకుని బయటికి రావాలి. కోతలో పుట్టిన వేడిలో చాలాభాగం ఆ పేళ్లతోనే బయటికి పోతుంది. మరి మీ లెక్క చూద్దాం. ఆ సైజు కిట్లతో వచ్చే చిన్న స్పిండిల్ నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది. బిట్టుకు రెండు అంచులున్నాయనుకుందాం, అంటే నిమిషానికి 20,000 కోతలు. మీరు పెట్టిన ఫీడ్, అంటే బిట్టు పక్కకు కదిలే వేగం, 100 మి.మీ. భాగిస్తే ఒక్కో అంచు వాటాకు వచ్చేది 0.005 మి.మీ. ఇందాకటి ప్రింటింగ్ కాగితంలో ఇరవయ్యో వంతు! అంత పల్చటి పొరను ఏ అంచూ కోయలేదు. అది చెక్క మీద రుద్దుకుంటూ పోతుంది. రుద్దితే వేడి పుడుతుంది. పేళ్లు లేవు కాబట్టి ఆ వేడి మోసుకుపోయే దిక్కు లేదు. చెక్క మాడుతుంది, అంచు మొద్దుబారుతుంది, మొద్దు అంచు ఇంకా రుద్దుతుంది, చివరికి బిట్టు టక్కుమంటుంది. మీకు వచ్చిన వాసన అదే.

మీ దగ్గరున్నది 3.175 మి.మీ. బిట్టు అయితే, దానికి ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక), ప్లైవుడ్, మెత్తటి చెక్కల్లో ఒక్కో అంచుకు 0.02 నుంచి 0.05 మి.మీ. దాకా పేడు రావాలని మొదటి అంచనాగా పెట్టుకోండి. మధ్యస్థంగా 0.03 అనుకుంటే 10,000 చుట్లు, రెండు అంచులకు ఫీడ్ నిమిషానికి 600 మి.మీ. అవుతుంది. మీరు పెట్టినదానికి ఆరు రెట్లు. భయంగా ఉంటే ఒకే అంచున్న బిట్టు వాడండి, అప్పుడు 300 మి.మీ. వేగంలోనే అదే మందం పేడు వస్తుంది. చిన్న మిషన్లకు ఒకే అంచు బిట్టు నిజంగా మంచి స్నేహితుడు. ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

మరి బిట్టు విరక్కుండా ఏం చేయాలి? వేగం తగ్గించే బదులు లోతు తగ్గించండి. ఒక్కో పాస్‌కు, అంటే బిట్టు ఒక్కసారి పోయే కోతకు, 0.5 మి.మీ.తో మొదలుపెట్టండి. శబ్దం ఒకే తీరుగా సాగుతూ, మిషన్ వణకకుండా ఉంటే 1 మి.మీ. దాకా పోవచ్చు. మీ చట్రానికి చెక్కలో బిట్టు మందంలో సగం, అంటే ఒకటిన్నర మి.మీ., పైహద్దు అనుకోండి. నిలువుగా చెక్కలోకి దిగే వేగం, దాన్నే ప్లంజ్ రేట్ అంటారు, పక్కకు కోసే వేగంలో మూడో వంతుకు మించనివ్వకండి. బిట్టు మొన మధ్యభాగం చాలా రకాల్లో సరిగా కోయదు. అందుకే వీలుంటే ర్యాంప్ పెట్టి వాలుగా దిగనివ్వండి.

లెక్క సరిగ్గా ఉందో లేదో చెప్పేది బిట్టు కింద పోగయ్యేదే. చెక్కలో చిన్న చిన్న పేళ్లు రాలుతుంటే బాగుంది. పిండిలాంటి పొడి వస్తుంటే రుద్దుతోంది, ఫీడ్ పెంచండి లేదా చుట్లు తగ్గించండి. ఎండీఎఫ్‌కు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అది ఎలా కోసినా పొడే.

దీనికి ముడిపడిన ఇంకో సంగతి, బిట్టును ఎంత బయటికి పెట్టారన్నది. ఒక కడ్డీని ఒక చివర పట్టుకుని రెండో చివర తోస్తే ఎంత వంగుతుందనేది పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి 5 మి.మీ. చెక్క కోయడానికి 22 మి.మీ. పొడవు కోరలు (కోసే మురి భాగం) ఉన్న బిట్టు ఎందుకు? పొట్టి కోరల బిట్టు తెచ్చుకుని, అవసరమైనంతే బయట ఉంచి బిగించండి. కొల్లెట్ (స్పిండిల్ చివర బిట్టును బిగించి పట్టే గొట్టం) పట్టు బిట్టు నున్నటి కాడ మీదే ఉండాలి, మురి గాడుల మీద కాదు.

కొల్లెట్ అంటే గుర్తొచ్చింది. మీ స్పిండిల్‌కు ఉన్నది ఈఆర్11 కొల్లెట్ అయితే, దాన్ని ముందు నట్టులోకి కాస్త వాలుగా పెట్టి టక్కుమని కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే ఆ రెండింటినీ కలిపి స్పిండిల్‌కు ఎక్కించాలి. చాలామంది కొల్లెట్‌ను స్పిండిల్‌లో పెట్టి పైన నట్టు బిగిస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది, కానీ బిట్టు వంకరగా తిరుగుతుంది, తీసేటప్పుడు కొల్లెట్ లోపలే ఇరుక్కుంటుంది. మీ విరిగిన బిట్లలో దీని వాటా ఎంతో నాకు తెలియదు గానీ, ఇవాళే ఒకసారి విప్పి చూడండి. లోపల చేరిన పొడిని బ్రష్‌తో తుడవండి.

మూడో బిట్టుకు మందు చాలా చిన్నది. ముక్క చుట్టూ పూర్తిగా కోసేస్తే ఆఖరి పాస్‌లో దాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. తిరుగుతున్న బిట్టు దాన్ని లాక్కుని విసిరేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ట్యాబ్స్ అని ఉంటుంది, అది ఆన్ చేయండి. కోత దారిలో అక్కడక్కడా చిన్న వంతెనల్లాంటి ముక్కలు కోయకుండా వదిలేస్తుంది. 5 మి.మీ. ప్లైవుడ్‌లో అరచేతి సైజు ముక్కకు 5 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందంతో నాలుగు ట్యాబ్స్ చాలు. పని అయ్యాక సన్నటి రంపంతో కోసి, ఆకురాయితోనో ఇసుక కాగితంతోనో సాపు చేసుకోవచ్చు. అదీ వద్దనుకుంటే నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. రంగులు వేసేవాళ్లు వాడే మాస్కింగ్ టేపును చెక్క అడుగునా, కింది పలక మీదా అంటించి, రెండు టేపుల మధ్య సూపర్ గ్లూ వేసి అదమండి. క్లాంపుల బెడద ఉండదు, కోత పూర్తయ్యాక కూడా ముక్క ఉన్న చోటే ఉంటుంది, టేపు ఒలిస్తే జిగురు మరక మిగలదు. పల్చటి, చదునైన ముక్కలకు ఇంతకన్నా హాయి లేదు.

బిట్టు రకం కూడా ఇక్కడే చూసుకోవాలి. మామూలు అప్‌కట్ బిట్టు పొట్టును పైకి లాగుతుంది, దాంతోపాటు చెక్కను కూడా పైకి లాగుతుంది, ప్లైవుడ్ పై పొర అంచుల్లో నూగు లేపుతుంది. డౌన్‌కట్ బిట్టు కిందికి అదుముతుంది, పై అంచు శుభ్రంగా వస్తుంది. కానీ లోతైన గాడిలో పొట్టును కూరేసి వేడెక్కుతుంది. లోతు తక్కువ పనులకు డౌన్‌కట్, ఆరపార కోయడానికి అప్‌కట్ అనుకుంటే మొదటి ఏడాది గడిచిపోతుంది.

ఇక 50 కావాల్సింది 49.4 వచ్చిన బిళ్ల. రెండు వైపులా ఒకేలా తేడా వచ్చి ఉంటే బిట్టు మందం తప్పు ఇచ్చారేమో అనేవాణ్ణి. ఒక వైపే వచ్చింది కాబట్టి ఆ అక్షం మీదే అనుమానం. దానికి రెండు కారణాలుండొచ్చు. అవి వేరు చేసే పరీక్ష కూడా సులువు. ఒక 10 మి.మీ. చతురస్రం, ఒక 100 మి.మీ. చతురస్రం కోసి కొలవండి. రెండింటిలోనూ ఆ వైపు అదే 0.6 తేడా ఉంటే ఎక్కడో వదులుంది. అంటే దిశ మారినప్పుడల్లా మోటారు తిరిగినా, స్క్రూ నట్టులో ఆ ఖాళీ నిండేదాకా బల్ల కదలడం లేదు. దీన్ని బ్యాక్‌లాష్ అంటారు. తేడా కొలతతో పాటు పెరుగుతుంటే, పది మి.మీ. ముక్కలో 0.1 దాకా ఉండి వంద మి.మీ. ముక్కలో ఒక మి.మీ. దాటితే, అప్పుడు స్టెప్స్ పర్ మి.మీ. అంకె, అంటే ఒక మి.మీ. కదలడానికి మోటారు వేయాల్సిన అడుగుల లెక్క, తప్పు.

మీది మొదటిదేనని నా పందెం. కిట్ మీరే బిగించారు కదా. మోటారు కడ్డీని స్క్రూకి కలిపే కప్లర్ మీద ఉండే చిన్న అలెన్ మరలు చూడండి. ఒకటి వదులుగా ఉంటుంది. తర్వాత ఇత్తడి నట్టు మరలు, స్ప్రింగ్ ఉన్న యాంటీ బ్యాక్‌లాష్ నట్టు అయితే ఆ స్ప్రింగ్ ఒత్తిడి. మిషన్ ఆపి, బల్లను చేత్తో ముందుకూ వెనక్కీ ఊపితే టకటకమనే చోటే దొంగ దొరుకుతాడు.

రెండోదైతే లెక్క తిన్నగా ఉంటుంది. 200 అడుగుల మోటారు, 16 వంతుల మైక్రోస్టెప్పింగ్ (ఒక్కో అడుగును 16 చిన్న అడుగులుగా విడగొట్టడం) అంటే చుట్టుకు 3,200 అడుగులు. ఒక చుట్టుకు స్క్రూ 4 మి.మీ. నడిపితే మి.మీ.కి 800, 8 మి.మీ. నడిపితే 400. మీ మిషన్ కంట్రోలర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్ అయితే, ఈ సైజు కిట్లలో దాదాపు అదే ఉంటుంది, డాలరు గుర్తుతో మొదలయ్యే 100, 101, 102 సెట్టింగుల్లో ఎక్స్, వై, జెడ్‌లకు ఈ అంకెలు కనిపిస్తాయి. వదులు సరిచేయకుండా ఈ అంకెలు మార్చకండి. వదులున్న మిషన్‌కు అంకెలు సర్దితే ఒక కొలత దగ్గర కుదురుతుంది, మిగతా అన్ని చోట్లా తప్పుతుంది.

బిగింపులన్నీ అయ్యాక చెక్క జోలికి పోకుండా ఒక సాయంత్రం పెన్నుతో గడపండి. స్పిండిల్‌కు ఒక స్ప్రింగ్ పెన్ను కట్టి, కాగితం మీద 160 మి.మీ., 120 మి.మీ. భుజాలతో ఒక దీర్ఘచతురస్రం గీయించండి. కర్ణాలు రెండూ సరిగ్గా 200 రావాలి. బడిలో చదివిన 3-4-5 త్రిభుజమే. ఒక కర్ణం 201, ఇంకోటి 199 వస్తే మీ ఎక్స్, వై అక్షాలు ఒకదానికొకటి లంబంగా లేవు, చట్రం విప్పి మూలమట్టం పెట్టి మళ్లీ బిగించాలి. పెన్ను పరీక్షలో ఇంకో లాభం, బిట్టు విరిగే భయం లేకుండా సున్నా పెట్టడం, పాజ్ చేయడం, ఆపడం మీ వేళ్లకు అలవాటవుతాయి. ఎమర్జెన్సీ బటన్ ఎక్కడుందో చూడకుండానే చెయ్యి అక్కడికి పోవాలి.

మరుసటి సాయంత్రం అల్యూమినియం బెడ్ మీద ఒక ఎండీఎఫ్ పలక బిగించి, దాని పైభాగాన్ని మిషన్‌తోనే అర మి.మీ. లోతు సాపు చేయించండి. అప్పుడా పలక బిట్టు కదిలే తలానికి సరిగ్గా సమాంతరమవుతుంది. లేకపోతే నేమ్‌ప్లేట్‌లో ఒక చివర అక్షరాలు లోతుగా, ఇంకో చివర గీతల్లా వస్తాయి. పైగా ఈసారి బిట్టు కిందికి దిగినా కోసుకునేది ఆ పలకనే, నాలాగా అల్యూమినియంను కాదు.

ప్రోగ్రామింగ్ రాదన్నారు. అక్కర్లేదు. బొమ్మ గీయడానికి ఒకటి, దాన్ని బిట్టు దారిగా మార్చడానికి ఒకటి, ఆ ఫైలును మిషన్‌కు పంపడానికి ఒకటి, ఇలా మూడు పనులకు మూడు సాఫ్ట్‌వేర్లు కావాలి. ఇంక్‌స్కేప్, ఫ్రీక్యాడ్, యూనివర్సల్ జీకోడ్ సెండర్ మూడూ ఉచితమే. జీకోడ్ (మిషన్‌కు అర్థమయ్యే ఆదేశాల భాష) మీరు రాయాల్సిన పని లేదు గానీ, నాలుగు మాటలు గుర్తుపట్టడం వస్తే ప్రమాదాలు తప్పుతాయి. జీ0 అంటే వీలైనంత వేగంగా వెళ్లు, కోయకు. జీ1 అంటే చెప్పిన ఫీడ్‌తో తిన్నగా కోస్తూ వెళ్లు. ఎం3 స్పిండిల్ తిప్పు, ఎం5 ఆపు. ఫైలు మొదట్లో జీ21 ఉందో లేదో మాత్రం తప్పకుండా చూడండి, అంటే కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయని. జీ20 ఉంటే అంగుళాలు. అంకెలు మి.మీ.లో ఉన్న ఫైలుకు పొరపాటున జీ20 తగిలితే మిషన్ ప్రతిదాన్నీ 25.4 రెట్లు పెద్దదిగా అర్థం చేసుకుని చట్రం చివర దాకా పరుగెడుతుంది.

ఫైలు పంపే కంప్యూటర్‌లో స్లీప్ మోడ్ ఆపేయండి. జీకోడ్ ఒకేసారి మొత్తం మిషన్‌లోకి వెళ్లదు, వరస తర్వాత వరసగా కేబుల్‌లోంచి వెళ్తుంది. మధ్యలో కంప్యూటర్ నిద్రపోతే బల్ల ఆగుతుంది, స్పిండిల్ మాత్రం చెక్కలో ఉన్న చోటే తిరుగుతూ ఉంటుంది. మళ్లీ కాలిన వాసన. యూఎస్‌బీ కేబుల్ పొట్టిది, షీల్డ్ ఉన్నది వాడండి, స్పిండిల్ వైర్లకు దూరంగా ఉంచండి. మోటారు బ్రష్‌ల నుంచి వచ్చే విద్యుత్ అలజడికి కనెక్షన్ తెగడం చాలామందికి అనుభవమే.

శబ్దం, దుమ్ము విషయంలో మీ పక్కింటివాళ్ల కన్నా మీ ఊపిరితిత్తుల గురించే నాకు ఎక్కువ బెంగ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఎండీఎఫ్ పొడి మరీ మెత్తన, పైగా అందులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు ఉంటుంది. స్పిండిల్ పక్కనే వాక్యూమ్ గొట్టం బిగించి పొడిని పుట్టిన చోటే లాగేయండి. ఎన్95 మాస్కు పెట్టుకోండి. పని ఆగాక కూడా కాసేపు తీయకండి, కంటికి కనిపించని పొడి గాల్లోనే ఉంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి, మీ మూడో బిట్టు ముక్క ఎటు ఎగిరిందో గుర్తు చేసుకోండి. చేతి తొడుగులు మాత్రం వద్దు, తిరిగే బిట్టు దారాన్ని పట్టుకుంటే వేలిని కూడా లాగుతుంది.

శబ్దానికి, మిషన్ కింద బరువైన పలక, దాని కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. గోడకు ఆనించకండి. పక్కింటికి చేరేది గాలిలో వెళ్లే మోత కన్నా బల్లలోంచి గోడలోకి దిగే అదురే ఎక్కువగా ఉంటుంది. పైన చెక్కపెట్టె లాంటి మూత చేసుకోవచ్చు, ముందు వైపు అక్రిలిక్ కిటికీతో. అప్పుడు గాలి ఆడక స్పిండిల్ మోటారు వేడెక్కుతుంది కాబట్టి, మధ్యమధ్యలో ఆపి చెయ్యి పెట్టి చూడండి. పెట్టె ఉంది కదా అని కోత జరుగుతుండగా గదిలోంచి వెళ్లిపోకండి. రుద్దుకుంటున్న బిట్టు నుంచి ఒక నిప్పురవ్వ వాక్యూమ్ సంచిలో పొట్టులోకి చేరితే, అది గంట తర్వాత అంటుకోవచ్చు. పని అయ్యాక ఆ సంచిని గదిలో వదిలేయకుండా ఖాళీ చేయండి, నిప్పు ఆర్పే సిలిండర్ ఒకటి చేతికందే దూరంలో ఉంచండి.

ఇప్పుడు నేమ్‌ప్లేట్. ఇక్కడ మీకో శుభవార్త. గుండ్రటి బిట్టు లోపలి మూలను ఎప్పుడూ చదరంగా కోయలేదు, తన వ్యాసార్ధమంత గుండ్రం వదులుతుంది. 3.175 బిట్టు అయితే దాదాపు 1.6 మి.మీ. పదునైన మూలలున్న లిపి చెక్కేవాళ్లకు ఇది తలనొప్పి. మన అక్షరాలు పుట్టడమే గుండ్రంగా పుట్టాయి. తలకట్టు కొసలు, వత్తుల చివరలు తప్పిస్తే రౌటర్‌కు మన లిపి ఎంతో అనుకూలం.

చిక్కు ఎక్కడంటే ఫాంట్ దగ్గర. బిట్టు దారి తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో తెలుగు నేరుగా టైప్ చేస్తే చాలావాటిలో గుణింతాలు విడిపోతాయి, వత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడతాయి. ఇంక్‌స్కేప్‌లో పేరు టైప్ చేయండి, అందులో సరిగ్గానే కనిపిస్తుంది. తర్వాత ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కి అక్షరాలను గీతలుగా మార్చండి. గుణింతం, అక్షరం ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట రెండు గీతలుంటాయి, యూనియన్ చేసి ఒక్కటి చేయండి. అది మర్చిపోతే బిట్టు ఆ అతుకు దగ్గర అనవసరంగా రెండుసార్లు తిరుగుతుంది. అప్పుడు ఎస్‌వీజీగా దాచుకుని బిట్టు దారి సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోండి.

చెక్కడానికి వీ-బిట్టు వాడండి. మొన సన్నం, పైకి పోయేకొద్దీ వెడల్పు కాబట్టి గీత సన్నగా ఉన్న చోట పైపైన, లావుగా ఉన్న చోట లోతుగా దిగుతుంది. రాతి మీద ఉలితో చెక్కినట్టు వస్తుంది. 90 డిగ్రీల వీ-బిట్టు 4 మి.మీ. వెడల్పు గీతకు 2 మి.మీ. లోతు దిగుతుంది, 60 డిగ్రీలదైతే దాదాపు మూడున్నర దిగుతుంది. మీ చెక్క మందాన్ని బట్టి ఎంచుకోండి. లావు ఫాంట్ వద్దు. థ, ఠలలో చుక్క చుట్టూ ఉండే చోటు, వత్తు మెలికల్లో మిగిలే చెక్క రెండు మూడు మి.మీ. కన్నా సన్నమైతే పొరలుగా లేచి రాలిపోతుంది. అసలు చెక్క మీద పెట్టే ముందు ఎండీఎఫ్ ముక్క మీద అన్నింటికన్నా కష్టమైన ఒక్క అక్షరం చెక్కి చూడండి. 'క్ష్మి' వచ్చిందంటే మిగతావి వచ్చినట్టే.

నేమ్‌ప్లేట్ 300 మి.మీ. కన్నా పొడుగ్గా కావాలంటే ఏం చేయాలని మీరు అడగలేదు గానీ, అడుగుతారు. కింది పలకలో ఒక జత, చెక్క అడుగున రెండు జతలు సరిపోయే బెజ్జాలు చేసి, పలక బెజ్జాల్లో రెండు డోవెల్ పిన్నులు (గుండ్రటి చెక్క పుల్లలు) దిగ్గొట్టండి. సగం చెక్కాక చెక్కను లేపి, జరిపి, దాని రెండో జత బెజ్జాలను అదే పిన్నుల మీద కూర్చోబెట్టి మిగతా సగం చెక్కండి. అతుకు రెండు అక్షరాల మధ్య ఖాళీలో పడేలా చూసుకుంటే ఎవరికీ కనిపించదు.

ఈ పిన్నుల పని చేసీ చేసీ విసుగొస్తే, గట్టి చెక్కలో అర మి.మీ. పాస్‌లతో గంటలు గంటలు కూర్చోలేకపోతే, అప్పుడు మీ మిత్రుడితో మళ్లీ మాట్లాడండి. ఆ రోజు పెద్దది చూసేటప్పుడు బల్ల కొలత కన్నా ముందు చట్రాన్ని చూడండి. స్పిండిల్‌ను చేత్తో పట్టుకుని పక్కకు తోయండి. కదిలితే, బల్ల ఎంత పెద్దదైనా డబ్బు తీయకండి. ఈలోగా ముందు ఆ కప్లర్ మరలు చూసి, అలెన్ కీతో బిగించండి.